మంగ అమ్మమ్మ టంకశాల

పెళ్ళయి జర్మనీలోని ఆకెన్ వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఊళ్ళో మంగ అమ్మమ్మకి సొంత పేరు లేదు. డాక్టరుగారి భార్య, అంతే. ఆ పేరు మారింది కరోనా రెండో ఏట, ఎండాకాలంలో.

ఊరి చరిత్ర సంఘం మళ్ళీ తలుపులు తీసింది. పెరట్లో పాతకాలపు టంకశాల: దుంగలో దిగేసిన కింది అచ్చు, చేత్తో పట్టుకునే పై అచ్చు, మధ్యలో వెండి బిళ్ళ. ఒకరు అచ్చు పట్టుకోవాలి, ఒకరు సుత్తితో కొట్టాలి. అంత దగ్గరగా నిలబడాలంటే ఇద్దరూ ఒకే హౌస్‌హాల్ట్, అంటే ఒకే ఇంటివాళ్ళయి ఉండాలని అప్పటి రూలు. సంఘంలో జంటగా చేరింది అమ్మమ్మ, డాక్టరు తాతయ్య మాత్రమే.

సుత్తి తాతయ్య జనార్దనరావుదే. ఇంట్లో రాజు ఆయనే కదా!

"నాణెమంటే రాజాజ్ఞ, మంగా. బొమ్మ సరిగ్గా పడకపోతే ఉత్త లోహం ముక్క," అని ఉపన్యాసమిచ్చి, ముందుగా తగరపు బిళ్ళ మీద భయంభయంగా రెండు దెబ్బలు వేశాడు. బిళ్ళ మీద పడ్డ రాజుగారి బొమ్మకి రెండు ముక్కులు మొలిచాయి. ఇంకో బిళ్ళ మీద మూడో కన్ను కూడా వచ్చింది.

"శివుడు ప్రత్యక్షమయ్యాడండీ," అంది అమ్మమ్మ.

ఇక అద్దాలపెట్టెలో పెట్టాల్సిన వెండి బిళ్ళ వంతు. ఉన్నది అదొక్కటే. మాస్కులు కట్టుకున్న పిల్లలు తాడు అవతలనుంచి చూస్తున్నారు.

"ఆ సుత్తి ఇలా ఇవ్వండి."

"నేను అచ్చు పట్టుకోవాలా? ఇవి సర్జన్ వేళ్ళే! సగం ఊరికి ఆపరేషన్లు చేసినవి!"

"రిటైరయ్యారుగా. పట్టుకోండి."

అమ్మమ్మ చెయ్యి ఎలాంటిదో ఆయనకేం తెలుసు? తెనాలి నుంచి తెచ్చుకున్న ఇనప రోకలితో, పక్కవాళ్ళకి ఘాటు తగలకుండా ఇంటి కింది కెల్లర్‌లో, ఆ నేలమాళిగలో, ఆవిడ ఏటేటా కారం దంచేది. ఆయన తిన్నాడే గానీ ఏనాడూ దిగి చూడలేదు. పోటు గురి తప్పితే కారం కళ్ళలోకే ఎగురుతుందని ఆవిడకు తెలుసు.

తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. అచ్చు మాత్రం కదలనివ్వలేదు, అది ఒప్పుకోవాలి.

ఒక్కటే దెబ్బ.

అచ్చు తీస్తే కిరీటం, గడ్డం, ఒకే ఒక్క ముక్కు. రాజుగారు నిండుగా కొలువుదీరి ఉన్నారు. తాతయ్య ముందు తన వేళ్ళు చూసుకుని, తర్వాత నాణెం చూశాడు.

"ఆవిడెవరు?" అని ఒక పిల్లాడు జర్మన్‌లో అడిగాడు.

"డాక్టరుగారి..." అనబోయాడు సంఘం కార్యదర్శి.

"ఆవిడ పేరు మంగ," అని తాతయ్య పెరడంతా వినిపించేలా అడ్డుకున్నాడు. "ఈ టంకశాల ఆవిడది. నేను ఆవిడ భర్తని."

అమ్మమ్మ సుత్తి దించనే లేదు.

"కబుర్లు తర్వాత. పిల్లలు చూస్తున్నారు, తగరం బిళ్ళ పెట్టండి."

తాతయ్య పెట్టాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.