బలపరిచే బాబాయి

మా బాబాయికి ఒకటే జబ్బు. ఎవరు ఏమన్నా సరే, లేచి నిలబడి "బలపరుస్తున్నాను" అనేవాడు.

వృత్తికి దర్జీ. మనసంతా మాత్రం పార్టీ జాతీయ మహాసభల్లోనే ఉండేది. మా ఊరి ప్రతినిధి ఆయనే మరి! మహాసభలో ఒక పద్ధతి ఉంది. ఒకరు తీర్మానం ప్రతిపాదిస్తే ఇంకొకరు లేచి బలపరచాలి. ఎవరూ లేవకపోతే ఆ తీర్మానం చర్చకు రాకుండానే చచ్చిపోతుంది. ఆ లేచే బాధ్యత బాబాయి తన నెత్తిన వేసుకున్నాడు. ఒకసారి పన్నులు పెంచాలన్న తీర్మానాన్నీ, తగ్గించాలన్న తీర్మానాన్నీ ఒకే పూట బలపరిచి అధ్యక్షులవారి చేత మూడు చెరువుల నీళ్లు తాగించాడు.

సభలు లేని రోజుల్లో జబ్బు ఇంట్లో తిరగబెట్టేది.

"ఈ ఇంట్లో నా మాట వినే దిక్కే లేదు!" అనేది పిన్ని.

"బలపరుస్తున్నాను" అనేవాడు బాబాయి, కుట్టుమిషను ముందు నుంచి లేచి.

"నీ మాటకి విలువ లేదయ్యా! పోయిన వారమే చొక్కా ఇస్తానన్నావు" అని ఎవరో విరుచుకుపడేవారు.

"బలపరుస్తున్నాను."

"బలపరచడం కాదు, చొక్కా ఇవ్వు!"

మా ఊరి పార్టీ కార్యదర్శికి సరిగ్గా ఇలాంటి మనిషే కావాలి. నోరు తెరిస్తే ఔననడమే తప్ప ఇంకోటి తెలియదు కదా! అందుకే ప్రతిసారీ బాబాయినే పంపేవాడు. ప్రతినిధి బ్యాడ్జీ అంటే బాబాయికి ప్రాణం. సభ అయిపోయాక కూడా తీసేవాడు కాదు. పిన్ని ఉతకడానికి చొక్కా లాక్కుంటే బనీనుకి తగిలించుకునేవాడు.

ఒకసారి సంచి మోయడానికని నేనూ వెంట వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సగం దేశభవిష్యత్తు కుర్చీల్లో కునికిపాట్లు పడుతోంది. ఇంకో ఊరి ప్రతినిధి, ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే ఒకావిడ, మైకు దగ్గరికి వెళ్లింది. మైకు ఆవిడకి అందలేదు, దించిన పుణ్యాత్ముడూ లేడు. మడమలెత్తి మాట్లాడింది.

"రాత్రి డ్యూటీలో నడుం వాల్చడానికి మాకు చోటు లేదండీ. వరండాలో నేలమీదే పడుకుంటున్నాం. మనం గెలిస్తే ప్రతి ఆస్పత్రిలో మాకో గది ఇస్తామని రాయండి. అంతే."

వేదిక మీద పెద్దలు మొహాలు చిట్లించారు. ఆస్పత్రుల ఊసెత్తొద్దని పొద్దున్నే చెప్పి ఉంచారట. మాతో వచ్చిన మా ఊరి కార్యదర్శి వెనక నుంచి బాబాయి భుజం నొక్కాడు.

"ఈసారి లేవకు. లేచావో, ఇక బ్యాడ్జీ సంగతి మర్చిపో."

"బలపరిచేవారున్నారా?" అధ్యక్షులవారు అడిగారు.

ఒక్క కుర్చీ కదల్లేదు. ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. బాబాయి బ్యాడ్జీని ఒకసారి తడుముకున్నాడు. లేచాడు.

"బలపరుస్తున్నాను."

చర్చ జరిగింది. తీర్మానం ఓడిపోయింది. కానీ ఆవిడ తరఫున చేతులెత్తినవాళ్లు చాలామందే తేలారు. ఆవిడ తలెత్తుకునే వచ్చి కూర్చుంది.

తిరుగు రైల్లో అడిగాను. "అలవాటు కొద్దీ లేచేశావా బాబాయ్?"

"అలవాటేంట్రా! నా మొదటి సభలో నేనూ ఓ తీర్మానం పెట్టాను. ఒక్కడూ లేవలేదు. మైకు దగ్గర్నుంచి కుర్చీదాకా నడిచొచ్చానే, ఆ నడక పగవాడికి కూడా వద్దు. ఓడిపోతే పోయింది, పక్కన ఓ మనిషి ఉండాలిరా."

"మరి అన్నిటికీ లేవడమెందుకు?"

"ఎవరు ఒంటరైపోతారో ముందే ఎలా తెలుస్తుంది?"

ఆ మాటతో నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

కార్యదర్శి అన్నంత పనీ చేశాడు. తర్వాతి సభకి తన అల్లుణ్ణి ప్రతినిధిని చేశాడు. ఆ అల్లుడు సభకి వేసుకెళ్లే ప్యాంటు కుట్టించుకోవడానికి ఎవరి దగ్గరికి వచ్చాడంటారా? ఇంకెవరు, బాబాయి దగ్గరికే. పిన్ని పళ్లు నూరింది. బాబాయి మాత్రం శ్రద్ధగా కుట్టాడు.

"మోకాళ్ల దగ్గర ఇంత వదులెందుకండీ?" అన్నాడు అల్లుడు, తొడిగి చూసుకుంటూ.

"కావాలనే పెట్టాను బాబూ. అక్కడ ఎవరైనా మైకు దగ్గర ఒంటరిగా మిగిలిపోతే నువ్వు చటుక్కున లేవాలి. ఏదీ, ఒకసారి కూర్చుని లే."

అల్లుడు కూర్చున్నాడు, లేచాడు.

"ఇంకొంచెం త్వరగా" అన్నాడు బాబాయి.