మక్తల్ నక్షత్ర సామ్రాజ్యం

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. కంప్యూటర్ అంతా నాకే తెలుసనుకోవడం ఒకటి, పెద్దవాళ్లు కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడటం ఇంకొకటి. మొదటిది నా తెలివితక్కువతనం, రెండోది మా అవ్వ నేర్పిన మర్యాద. రెండూ కలిసి నా గ్రహాలన్నీ పోగొట్టాయి. (గ్రహచారం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.)

తొంభైల చివర్లో మక్తల్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. సెంటర్ పెట్టించింది పల్లీల వ్యాపారం చేసే ఒక పటేలు, నడిపేది ఆయన ఇల్లరికపు అల్లుడు. ఊరంతా అతన్ని ‘అల్లుడు దొర’ అనేది, నేను ‘అన్నా’ అనేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నాలు క్లాసులుండవు కనుక ఒకే కంప్యూటర్ మీద అల్లుడు దొర, నేను, కొందరు పిల్లలు వంతులవారీగా ఒక ఆట ఆడేవాళ్లం. ఆకాశంలో తలా ఒక సంస్థానం. గ్రహాలు గెలవాలి, గనులు తవ్వించాలి, ఓడలు కట్టించాలి. అన్నిటికన్నా ముఖ్యం మర్యాద. ఇచ్చిన మాట నిలుపుకుంటే తెర మూలనున్న అంకె పెరుగుతుంది, తప్పితే పడిపోతుంది. మరీ పడిపోతే సొంత గ్రహాలే తిరగబడతాయి. గ్రహాలూ మర్యాదా రెండూ ఎక్కువున్నవాడే చివరికి చక్రవర్తి. అచ్చం మక్తలే, కాస్త ఎత్తులో ఉందంతే.

నా మర్యాద అందరికన్నా ఎక్కువ. ఈ ఆదివారం చక్రవర్తిని కాబోతున్నానని క్లాసులో చెప్పుకున్నాను కూడా. చూడటానికి పిల్లలంతా నా వెనక చేరారు. సరిగ్గా నా వంతు నడుస్తుండగా అల్లుడు దొర లోపలికొచ్చాడు. నేను టక్కున లేచాను. ఆయన కూర్చున్నాడు. జర చూస్తనంటూ రెండు బటన్లు నొక్కేసరికి నా సంస్థానం ఆయనకు సామంతరాజ్యమైపోయింది. నా తరఫున ప్రమాణం ఆయనే చేసి, తన తరఫున తనే స్వీకరించాడు.

“అన్నా, గిది నా వంతు,” అన్నాను.

“మరెందుకు లేస్తివి తమ్మీ?” అన్నాడు.

ప్రమాణం తప్పితే మర్యాద సున్నా, తప్పకపోతే వంతు వంతుకూ నా గనుల్లోని ఇనుము ఆయన కోటకు. సోమవారానికల్లా క్లాసులో నా పేరు ‘సామంతు సారు’. నేను కీబోర్డు మీద చెయ్యి పెడితే చాలు, దొరనడిగిన్రా సార్ అని వెనక బెంచీలోంచి వినబడేది.

కొన్ని ఆదివారాలు ఇనుము మోశాను. చివరికి అల్లుడు దొరకు పట్టాభిషేకం ఒక్క వంతు దూరంలోకి వచ్చింది. ఆయన కుర్చీలో ఉన్నాడు. కిటికీలోంచి చూస్తే బజారులో పటేలు, రుమాలుతో చెమట తుడుచుకుంటూ. ఆ చుట్టుపక్కల ఏసీ గది మాదొక్కటే (పెట్టించింది కంప్యూటర్ల కోసం, మనుషుల కోసం కాదు). నేను బయటికెళ్లి, లోపల సల్లగున్నది, జరసేపు కూసోని పోండ్రి పటేలా అని బతిమాలాను.

ఆయన చెప్పులు విడిచి లోపల అడుగుపెట్టాడో లేదో అల్లుడు ఎగిరి నిలబడ్డాడు. గదిలో ఎన్ని కుర్చీలున్నా అల్లుడు లేచిన కుర్చీలోనే కదా మామ కూర్చోవాలి. నేను వినయంగా వంగి, ఒక బటన్ నొక్కి, కావలసిన ప్రశ్నను తెర మీదికి తెచ్చాను.

“ఏమంటాంది పిలగా ఇది?” అన్నాడు పటేలు.

“కింద పడి ఉన్నోళ్లను ఇడిచిపెట్టాల్నా అని అడుగుతాంది పటేలా.”

“పాపం, ఇంకా పట్టి ఉంచుడెందుకు? ఏది ఒత్తాలె?”

చూపించాను. చూపుడు వేలితో గట్టిగా ఒత్తాడు. సామంతులంతా స్వతంత్రులయ్యారు. అల్లుడి సామ్రాజ్యం ఒంటి గ్రహమైంది. అంత దయ చూపినందుకు అల్లుడు దొర మర్యాద మాత్రం జర్రున ఎగబాకి నన్ను దాటిపోయింది. మామ వెనక చేతులు కట్టుకుని నిలబడి అల్లుడు అదంతా చూశాడు. (అంతలో కరెంటు పోయింది. చక్రవర్తి ఎవరో తేలనే లేదు.) సోమవారం నుంచి నేను మళ్లీ ఉత్త ‘సారు’నే.

ఇప్పుడు నేను గదిలోకి వెళ్తే ఆటలో ఉన్న మా పిల్లలు తల కూడా ఎత్తరు. తెలివైనవాళ్లు, రాజ్యాలు నిలుపుకుంటారు. నేను మాత్రం ఇప్పటికీ లేస్తాను, అల్లుడు దొర ఎదురుపడినా సరే. లేచిన ప్రతిసారీ, కరెంటు పోయిన ఆ గదిలో ఆయన చెవి దగ్గర నేను మెల్లగా అడిగిన మాట గుర్తొచ్చి నవ్వొస్తుంది.

“మరెందుకు లేస్తివి అన్నా?”