ఆఖర్ల నిద్రలేచే ప్లగిన్

ఇయ్యాల చేవెళ్లల మా అక్క బిడ్డ పుట్టెంట్రుకలు. మేనమామ ఒళ్లె కూసోవెట్టి తీయాలె, ఆ మేనమామను నేనే. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసే బిల్డ్ ఒక్కటి అయితే మొయినాబాద్ నుంచి బయలెల్లుడే. గంటన్నర నడిచింది. కోడ్ కంపైలైంది, టెస్టులన్నీ పాసైనయి. ఆఖర్ల మా సీనియర్ రాసి దానికి తగిలిచ్చిన చిన్న ప్రోగ్రాం, ప్లగిన్, నిద్రలేచి, సెట్టింగుల ఫైల్ తెరిచి, "వర్షన్ నంబర్ లేదు" అని అంతా ఆపేసింది. నంబర్ రాసుడు ఒక్క నిమిషం పని. బిల్డ్ మాత్రం మల్ల మొదటి నుంచి.

మండిపోయి ఆయనకు ఫోన్ చేసిన.

"అన్నా, ఆ ఫైల్ షురూలనే చూస్తే నీ సొమ్మేం పోతుండె?"

"అవసరం పడ్డప్పుడే చదవాలె తమ్మీ. మంచి డిజైనంటే గదే."

నేను పోయేసరికి పిల్లకు గుండైపోయింది, మా చిన్నాయిన కొడుకు ఒళ్లె. అక్క నన్ను చూసి పిల్లను ఎత్తుకొని లోపటికి పోయింది.

అందుకే ఆ సీనియర్‌ను వచ్చే శనివారం సురంగల్ల మా తోటకు దావత్‌కు పిలిచిన. శనివారం ఆయన నీసు ముట్టడు, ఆఫీసంతా ఎరుకే. మటన్ తప్ప ఇంకేం వండియ్య. ఆయన అంత దూరం వచ్చి, చేతులు కడుక్కొని, ఇస్తారి ముందు కూసున్నంక అడుగుత: "అన్నా, ఇయ్యాల తింటవా?"

అవసరం పడ్డప్పుడే గద అడగాలె, కాదంటరా?