రెండు బాయిలర్లు, ఒకే వాల్వు

2004 జూన్‌లో నన్ను పలాసకు వేశారు. మా కంపెనీకి పలాసలో ఒకటి, టెక్కలిలో ఒకటి జీడిపప్పు ఫ్యాక్టరీలుండేవి. మెయింటెనెన్సు ఇంజనీరుగా నాకప్పగించిన పని, రెండుచోట్ల యంత్రాల వివరాలు, డ్రాయింగులు, తనిఖీ పత్రాలు అన్నీ కొత్తగా కొన్న సాఫ్ట్‌వేరులోకి ఎక్కించడం. అంతవరకు ఏ ఊరి ఫైలు ఆ ఊరి బీరువాలోనే ఉండేది. విడివిడిగా చూస్తే రెండూ సవ్యంగానే కనిపించేవి.

పలాస వివరాలు ముందుగా ఎక్కించాను. ఆ తరువాత టెక్కలి బాయిలర్ సేఫ్టీ వాల్వు నంబరు కొట్టగానే, అది ఇదివరకే నమోదైందంటూ సాఫ్ట్‌వేరు మొరాయించింది. ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే దానంతటదే తెరుచుకుని బాయిలర్ పేలకుండా కాపాడేది ఆ వాల్వే. ఏ వాల్వు మీద చెక్కిన నంబరు దానిదే, మరో దానికి ఉండదు. గుమాస్తా తప్పనుకుని చివర 'ఎ' తగిలించి దాటేద్దామనుకున్నాను. కానీ అనుమానం నా పుట్టుగుణం. రెండు సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. నంబరు ఒకటే, తనిఖీ తేదీల మధ్య తేడా నాలుగు రోజులు.

టెక్కలి మేనేజరుకు ఫోను చేసి నంబరు మాత్రమే అడిగాను. "మేమేమీ మార్చలేదండీ" అన్నాడాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

మర్నాడు చెప్పాపెట్టకుండా బస్సెక్కి టెక్కలి వెళ్లాను. బాయిలర్ మీదున్న వాల్వుకు అసలు నంబరే కనిపించలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయినదాని మీదే రంగేశారు. ఫిట్టరు అప్పలసూరి నాకన్నా పెద్దవాడు. నంబరేదని అతన్ని అడిగాను.

"తనికీ ఉందంటే పలాస బాయిలరు ఆ పూటకి ఆపేత్తారు బాబూ. దాని వాల్వు గోనెసంచిలో ఎట్టుకుని బస్సులో తెత్తాను. అయిపోనాక మల్లీ అట్టుకెల్పోతాను. మేనేజరు బాబు సెప్పినారు, నానేటి సేత్తాను?" అన్నాడు.

మిగతా రోజుల సంగతేమిటని అడిగాను. గింజలు ఒలిచే షెడ్డు వైపు చూశాడు.

"మా ఆడదీ అందులోనే పంజేత్తాది. దాన్ని గుమ్మంకాడ కూకోమన్నాను."

షెడ్డుకూ బాయిలర్‌కూ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. అటువైపు నలభైమంది ఆడవాళ్లు పనిలో ఉన్నారు. బాయిలర్ ఆపించి, పలాస తిరిగొచ్చి లోపం నమోదు చేశాను. ఆ ఫారంలో 'సమాచారమిచ్చినవారు' అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలితే సాఫ్ట్‌వేరు ముందుకు పోనివ్వదు. అప్పలసూరి పేరు రాశాను. ఆ రిపోర్టును టెక్కలి మేనేజరు కూడా చూడగలడని నాకు తట్టనే లేదు.

వారంలో కొత్త వాల్వు వచ్చింది. నెల తిరక్కుండా అప్పలసూరిని పనిలోంచి తీసేశారు. నంబరు లేని వాల్వు బిగించాడన్నది నేరం. మేనేజరు కుర్చీ కదల్లేదు. నేను రెండుసార్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను, జవాబు రాలేదు.

కాగితాలన్నీ ఒకచోట చేరితే దాచిన తప్పు బయటపడుతుంది. దాన్ని చెప్పినవాడూ బయటపడతాడు. మిగిలిన సర్వీసంతా ఆ గడిలో నా పేరు తప్ప మరొకరిది రాయలేదు. అందువల్ల అప్పలసూరికి ఒరిగిందేమీ లేదు.