చెంబులో నీళ్ళు, బల్లి ఊపిరి

రెంటచింతల ఎండకి రాళ్ళు పగులుతాయంటారు గానీ, మా గోపాలకృష్ణయ్య మాస్టారి నోరు మాత్రం ఎండేది కాదు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. ఉద్యోగమంతా బల్లుల ఊపిరి గురించి చెప్పినా, ఒక్క పిల్లాడూ ఎదురు ప్రశ్న వేసిన పాపాన పోలేదు. "ఒక్కడడిగితే చాలు సుభానీ, నా చదువు దండగ కాలేదనుకుంటా" అని నా సోడా బండి దగ్గర వాపోయేవారు.

అలాంటి మనిషికి బస్టాండు చలివేంద్రం అప్పగించారు మా ఊరి పెద్దలు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే! మా చలివేంద్రంలో గ్లాసులుండవు. దోసిలి పట్టి వంగాలి, ఆయన చెంబుతో పోయాలి. వంగినవాడు ఎక్కడికి పోతాడు? చెంబు గాల్లోనే ఆపి పాఠం మొదలుపెట్టేవారు.

"చూడు నాయనా, బల్లి నాలుగు ఊపిర్లు తీసి కాసేపు ఆపేస్తుంది. చల్లటి ఒళ్ళు కదా, దానికి తిండీ తక్కువే, గాలీ తక్కువే. ఊపిరి తగ్గితే దాంతోపాటు పోయే తేమా తగ్గుతుంది. తిన్న పురుగులోని తడితోనే చానావరకు నెట్టుకొస్తుంది."

"ఏంది మాస్టారూ, మాచర్ల బస్సు పోతా ఉంది, పొయ్యండి!" అని జనం మొత్తుకునేవాళ్ళు. చివరికి విసిగిపోయి నా బండి మీద పడేవాళ్ళు. అబద్ధమెందుకు, గిరాకీ బాగుంది. మనసులో ఆయనకి దువా చేసుకునేవాణ్ణి.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం, మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే మణెమ్మ వచ్చి దోసిలి పట్టింది. ఆయన మామూలుగానే చెంబెత్తి ఆపారు.

"ఇదంతా చల్లపూట సంగతి. ఎండ ముదిరిందనుకో, బల్లి ఒంట్లో పని జోరందుకుంటుంది. అప్పుడు ఊపిరికీ ఊపిరికీ మధ్య..."

మణెమ్మ ఉన్నపళంగా కూలిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "మనిషి పోతా ఉంటే బల్లి పురాణమేంది మాస్టారూ!" అని అరిచాను. ఇద్దరం ఆమెను నీడలోకి చేర్చాం. ఆయన కుండ నీళ్ళన్నీ ఆమె తల మీద కుమ్మరించారు. మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకే జాలేసింది.

కాసేపటికి మణెమ్మ కళ్ళు తెరిచింది. మాస్టారు చెంబులో మిగిలిన నీళ్ళు ఆమె నోటి దగ్గర పెట్టారు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఎండ ముదిరితే... ఆ బల్లి మధ్యలో ఊపిరి ఆపుద్దా, ఆపదా మాస్టారూ?"

మాస్టారి పెదవులు కదిలాయి. ఆ ప్రశ్న కోసం బతుకంతా ఎదురుచూసిన మనిషి.

"ముందు తాగమ్మా" అన్నారు. "తాగు తల్లీ."