గోడ అవతలి మూడో సెన్సరు

2024 ఆషాఢం. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి ధర్మవరంలో పట్టుచీరల బేరాలు పల్చబడతాయి. ఇంటికి రిపేర్లు, సున్నాలు అన్నీ అప్పుడే పెట్టుకుంటారు. హిందూపురంలో నాది అలారాలు, కెమెరాలు బిగించే చిన్న షాపు. ఆ నెలలో ధర్మవరం నుంచి కాంతమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. ఇంట్లోనే చీరలు అమ్ముతుందట. పిడుగు పడినప్పుడు పాత అలారం కాలిపోయిందట, ఫోన్‌లోకి కబురొచ్చే కొత్త రకం కావాలట.

"సెన్సర్లు మాత్రం పాతవే ఉండల్లప్పా. వాటిని తీసేదానికి లేదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

వెంటనే ఒప్పుకున్నాను. పని దొరికిందన్న సంతోషం సగం, అది సురేంద్రకు పోలేదన్న సంతోషం సగం. సురేంద్ర నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు. పెనుకొండలో అతనిదీ ఇదే వ్యాపారం. ఈ లైనులోకి నేను వచ్చిన చాలా ఏళ్ళకు వచ్చాడు. వచ్చీ రాగానే కారు కొన్నాడు. రోజూ పొద్దున వాట్సాప్ స్టేటస్‌లో ఒక కొత్త ఇల్లు, గోడ మీద ఒక కొత్త ప్యానెల్, పక్కన నవ్వుతూ సురేంద్ర. మా ఆవిడ "చూసినావా, మా చెల్లెలి మొగుడు..." అని మొదలుపెట్టేలోపే నేను చూసేసి ఉంటాను. కుళ్ళు అంటారా? కుళ్ళే. పేరు మార్చి చెప్పుకోవడం నాకు రాదు.

పని గురించి కాస్త చెప్పాలి. గది మూలలో తెల్లటి చిన్న డబ్బా ఉంటుంది చూడండి, అది మోషన్ సెన్సరు. మనిషి ఒంటి వేడి కదిలితే పసిగడుతుంది. కదలిక కనబడగానే దాని మీద ఎర్ర లైటు వెలుగుతుంది, లోపల రిలే అనే మీట తెరుచుకుంటుంది. పాత రకంలో ఒక్కో సెన్సరు నుంచి వైరు గోడలో దూరి ప్యానెల్ దాకా వస్తుంది. ఒక్కో వైరు ఒక్కో జోన్, అంటే ఒక్కో గది. కొత్త రకం అలారానికి వైర్లు అక్కర్లేదు, అంతా రేడియో సిగ్నలే. పాతదాన్ని కొత్తదానితో మాట్లాడించాలంటే మధ్యలో కన్వర్టర్ అనే బోర్డు పెట్టాలి. అది ఒకవైపు వైర్లు అందుకుని, ఇంకోవైపు సిగ్నల్ పంపుతుంది. కొత్త ప్యానెల్ ఈ పాత సెన్సర్లకు కరెంటు ఇవ్వదు కాబట్టి, దానికి వేరే ఏర్పాటు చేయాలి. వైరు ఎవరైనా కోస్తే తెలియడానికి సెన్సరు చివర రెసిస్టర్ అనే చిన్న ముక్క కూడా కలపాలి. కష్టమైన పనేమీ కాదు, ఓపిక పని.

కాంతమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఒకప్పుడు పెద్ద ఇల్లది. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు నట్టనడుమ గోడ లేచింది. ఈ సగం కాంతమ్మ వాళ్ళది. ఆ సగం ఆమె మరిది, తోడికోడలు ఉమలది. రెండు సగాల్లోనూ పట్టుచీరల బేరమే. అలారం మాత్రం మామగారు బతికున్నప్పుడు, ఇల్లంతా ఒకటిగా ఉన్న రోజుల్లో పెట్టించింది.

కాలిపోయిన ప్యానెల్ మూత తీశాను. లోపలికి మూడు వైర్లు వచ్చాయి. ముందు హాల్లో ఒక సెన్సరు కనబడింది, నడవలో ఇంకొకటి. మూడోది ఎంత వెతికినా లేదు. దాని వైరు తిన్నగా నడిమి గోడలోకి పోయింది. మూడింటికీ తాత్కాలికంగా కరెంటిచ్చి, మూడో వైరుకు మల్టీమీటర్ తగిలించాను. రిలే మూసి ఉన్నంతసేపూ మీటర్ బీప్‌మని మోగుతుంది. కాసేపు మోగి, ఉన్నట్టుండి ఆగింది. మళ్ళీ మోగింది, మళ్ళీ ఆగింది. గోడ అవతల ఎవరో తిరుగుతున్నారు.

"అక్కా, ఈ మూడోది మీ ఇంట్లో లేదు" అన్నాను.

"నాకు తెల్దా? ఆయమ్మ చీరలు పెట్టుకునే రూములో ఉండాది" అంది కాంతమ్మ, మీటర్ మీదినుంచి కళ్ళు తీయకుండా. "ఇప్పుడు ఆగిందే, అంటే ఆడ మనుషులు వచ్చినట్టేనా?"

అప్పుడు అర్థమైంది పాత సెన్సర్లే ఎందుకు కావాలందో. పాత ప్యానెల్ మీద జోన్‌కొక లైటు ఉండేది. అలారం ఆపి ఉన్నా సరే, గదిలో ఎవరైనా కదిలితే ఆ గది లైటు వెలిగేది. గోడ లేచినప్పటి నుంచి కాంతమ్మ ఆ మూడో లైటు కింద కుర్చీ వేసుకుని కూర్చునేది. వెలిగిన ప్రతిసారీ అవతల ఒక బేరం. తన హాల్లో ఈగలు తోలుకుంటూ ఉంటే, గోడ అవతలి లైటు మాత్రం వెలుగుతూనే ఉండేది.

"నాకంటే వెనక వచ్చిన పిల్ల. చీర మడత పెట్టేది నేర్పించింది నేను. దానికేమో పొద్దస్తమానం బేరాలు. ఈ లైటు కాలిపోయినప్పటి నుంచి నాకు అన్నం పోవడం లేదప్పా. మూడోది నా ఫోన్‌లోకి రావల్ల. యాడ ఉన్నా నాకు తెలియల్ల."

నవ్వు రావాలి. రాలేదు. నాకంటే వెనక వచ్చినవాడు నాకూ ఒకడున్నాడు.

సెన్సరు చివర రెసిస్టర్ పెట్టాలి కాబట్టి అవతలికి వెళ్ళి రావాలన్నాను. కాంతమ్మ మొహం మాడ్చుకుంది గానీ కాదనలేదు. వీధిలోకి దిగి, పక్క తలుపు తట్టాను. ఉమ తీసింది. నలభై లోపు ఉంటుంది, సన్నటి మనిషి. వచ్చిన పని చెబితే ఏమీ అడగకుండా ఆ గదికి తీసుకెళ్ళింది.

గదిలో పై వరసలో నాలుగు చీరలు. మిగతా అరల నిండా ఖాళీ అట్టపెట్టెలు, మూతలు పెట్టి అందంగా పేర్చి ఉన్నాయి. నేను స్టూలెక్కి సెన్సరు మూత తీస్తుంటే కింద నుంచి మెల్లగా అడిగింది.

"ఈ ఎర్ర లైటు మళ్ళా వెలుగుతాందే. ఇంక ఆపక్క కూడా వెలుగుతాదా అన్నా?"

"నీకు తెలుసా అమ్మా?"

"ఇల్లు ఒకటిగా ఉన్నప్పుడు ఆ ప్యానెల్ తుడిచేది నేనే కదా. అక్క దాని కింద కూర్చుంటాదని కూడా తెల్సు." ఒక అట్టపెట్టె మూత సరిచేస్తూ అంది. "మా ఆయన నేసింది నేసినట్టు పెద్ద షాపువాళ్ళకే పోతాండాది. మా ఇంటికి ఎవరొస్తారు? ఎవరూ రాకపోయినా పనిలేక ఈడికొచ్చి నిలబడతా. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. ఆడ వెలుగుతాది. నా బతుకు కూడా బాగుండాదని అక్క అనుకుంటాది కదా. ఎప్పుడూ నన్ను చూసి అయ్యో అనేది. ఇప్పుడు అనడం లేదు."

ఈ గదివాళ్ళ అనుమతి లేకుండా ఈ వైరు కలపకూడదనుకుంటూ వచ్చినవాణ్ణి. ఈమె అనుమతి ఇవ్వడం కాదు, బతిమాలుతోంది.

"పెట్టన్నా. నేనే చెప్తాండా కదా."

"అమ్మా, ఆ లైటుకు జ్ఞాపకం ఉండేది కాదు. మీ అక్క చూసినప్పుడే లెక్క. ఫోన్ అట్ల కాదు. ఎప్పుడెప్పుడు కదిలిందో అంతా రాసి పెట్టుకుంటుంది. ఆమె ఊరికి పోయినా, పడుకున్నా ఆపదు. పొద్దుటి నుంచి సందేళ దాకా తిరుగుతూనే ఉండాల నువ్వు."

"తిరుగుతా. నాకేం పని?" అంది.

ఆ మాట విన్నాక నాకు చేయి రాలేదు. రెసిస్టర్ పెట్టకుండానే మూత మూసేసి దిగాను.

ఇవతలికి వచ్చి కాంతమ్మతో చెప్పాను, మూడోది కట్టనని. ఆ గది మీది కాదు, అక్కడ తిరిగేది దొంగ కాదు, మీ ఇల్లు కాపాడటానికి రెండు చాలు అన్నాను. అట్టపెట్టెల సంగతి చెప్పలేదు. చెబితే ఆమె కడుపుమంట ఒక్క క్షణంలో చల్లారేది. కానీ మళ్ళీ అయ్యో అనేది, ఈసారి గోడ అవతలికి వినబడేలా.

కాంతమ్మ నా వైపు తేరిపార చూసింది. "నీకు చేతకాకపోతే చెప్పు. పెనుకొండలో ఒకాయప్ప ఉండాడంట, సురేంద్ర అని. స్టేటస్‌లో చూస్తాండా. ఎట్లాంటిదైనా చేస్తాడంట."

ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ఆ వైరు కొసలు నా వేళ్ళ మధ్యే ఉన్నాయి. కన్వర్టర్‌లో మూడో గడి ఖాళీగా ఉంది. రెసిస్టర్ లేకపోయినా కదలిక తెలుస్తుంది. స్క్రూ రెండు తిప్పులు తిప్పితే చాలు, ఆ పేరు ఈ ఇంట్లో మళ్ళీ వినబడదు. నిజం చెబుతున్నాను, కొసలు గడి దాకా తీసుకుపోయాను. అంతలో పక్కన పెట్టిన మీటర్, ఇంకా ఆ వైరుకే తగిలించి ఉన్నది, బీప్ ఆపింది. మోగింది. ఆగింది. గోడ అవతల ఉమ నడుస్తోంది.

కొసలకు టేపు చుట్టి గోడ పెట్టెలోకి తోసేశాను. రెండు జోన్లు కట్టి, ఫోన్‌లో చూపించి, పనిముట్లు సర్దుకున్నాను. కాంతమ్మ మజ్జిగ కూడా ఇవ్వలేదు.

బండి మీద తిరిగి వస్తూ పెనుకొండలో టీ తాగడానికి ఆగాను. టీ కోసమే అంటే మా ఆవిడ కూడా నమ్మదు. ఎదురుగా సురేంద్ర షాపు. పెద్ద బోర్డు, అద్దాల తలుపు. లోపల అతనొక్కడే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. టీ అయిపోయింది, ఇంకొకటి చెప్పి తాగాను. షాపులోకి ఎవరూ రాలేదు. ఇంటికి చేరాక మా ఆవిడ, "మా చెల్లెలి మొగుడు చూడు, ఈరోజు మూడు సైట్లంట" అంది. తీసి చూశాను. మూడు ఇళ్ళు, మూడు నవ్వులు. నేను టీ తాగుతున్న వేళకే పెట్టాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

శ్రావణం వచ్చింది. ఒకరోజు పొద్దున స్టేటస్‌లో నాకు తెలిసిన గది కనబడింది. మూలన తెల్ల డబ్బా, దాని మీద ఎర్ర లైటు, కింద సురేంద్ర. "కాదన్న చోట అయ్యేలా చేయడమే మన పని" అని రాశాడు. వెనక అరల్లో మూతలు పెట్టిన అట్టపెట్టెలు. అవి ఖాళీవని అతనికి తెలియదు. ఫోటో అంచున ఒక చీర కొంగు మాత్రం కనబడుతోంది, మనిషి లేదు. ఉమ అప్పటికే నడక మొదలుపెట్టినట్టుంది.

కడుపు భగ్గుమంది. చేసింది సరైన పనే అని తెలిసినా మండింది. మంటకు ఆ తేడా తెలియదు.

ఈ పని నేర్చుకోవాలని వచ్చేవాళ్ళకు ఒకటే చెబుతాను. పాత వైరు ఎక్కడ మొదలైందో అందరూ చూస్తారు, రెండో కొస దగ్గర ఎవరున్నారో వెళ్ళి చూడండి, ఆ తర్వాతే కలపండి. అది నాకు ధర్మవరంలో బాగా తెలిసొచ్చింది. తెలియాల్సింది ఇంకొకటి కూడా ఉంది. స్టేటస్ ఎవరెవరు చూశారో పెట్టినవాడికి పేర్లు కనబడతాయి. ఆ రోజు కూడా అందరికంటే ముందు చూసినవాడి పేరు నాదే అయి ఉంటుంది. ఆ ఖాళీ షాపులో సురేంద్ర కూర్చుని ఎదురుచూసేది ఆ పేరు కోసమే కావచ్చు. అదంతా తెలిసే, మర్నాడు పొద్దున లేవగానే మళ్ళీ ఫోన్ అందుకున్నాను.