బస్టాండు వైఫైకి ఉదయగిరి రౌటర్

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను ఆత్మకూరుకు టెలిఫోన్ సబ్‌డివిజన్ ఇంజనీరుగా వేశారు. ఉదయగిరి ఎక్స్ఛేంజీ కూడా నా కిందే ఉండేది. నా భార్య పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఖాళీ ఇంట్లో ఉండలేక, సెలవులు మిగిలి ఉన్నా వాడుకోలేదు.

ఆ వర్షాకాలంలో సంగం దగ్గర రోడ్డు పనుల్లో ఫైబర్ తెగింది. ఫోన్ మాటలకు, మెసేజ్‌లకు సరిపడా దారి మిగిలింది గాని రెండు ఊళ్లలోనూ మొబైల్ డేటాతో సహా ఇంటర్నెట్ పోయింది. ఆత్మకూరు బస్టాండులో జనం కోసం పెట్టిన వైఫై ఒక్కటే పనిచేసింది. అది కలువాయి వైపు నుంచి వచ్చే పాత లైను మీద నడిచేది. ఆ లైను సామర్థ్యం చాలా తక్కువ.

రెండు రోజుల తర్వాత ఉదయగిరి నుంచి ఖాదర్ బాషా ఆఫీసుకు వచ్చాడు. చెక్క గరిటెలు చేసే మనిషి, మా బ్రాడ్‌బ్యాండు కస్టమరు. ఆయన భార్య మెహరున్నీసా తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. గుండె ఆగి పోయాడు. ఖననం అక్కడే, ఆ సాయంత్రమే. తోటి డ్రైవర్లు వీడియోలో చూపిస్తామన్నారట. ఇంటిల్లిపాదీ వ్యాను మాట్లాడుకుని బస్టాండు వెనక బంధువుల ఇంట్లో దిగారు. వస్తూ తమ ఇంటి రౌటర్‌ను కూడా సంచిలో వేసుకొచ్చారు.

"ఈడ పెట్టినా మా నెట్ వస్తాది గదా సార్?" అన్నాడు.

రాదన్నాను. ఆ పెట్టె వచ్చినదాన్ని పంచుతుందే గాని తనంతట తాను తేలేదు.

"అయితే ఊరికే మోసుకొచ్చినానా," అని సంచి మూయబోయాడు. ఉండమని, ఆయనతో పాటు ఆ ఇంటికి వెళ్లాను.

బస్టాండు వైఫై మన ఫోను నంబరుకు ఓటీపీ పంపి, ఒక నంబరు మీద ఒక్క ఫోనునే రానిస్తుంది. అక్కడ ఇంటినిండా ఫోన్లు, సగం ఓటీపీ అంటే తెలియని పెద్దవాళ్లవి. క్యాంపులకు తీసుకెళ్లే నా చిన్న రౌటర్‌ను కిటికీలో పెట్టి, ఆ వైఫైని అందుకునేలా చేసి, ఖాదర్ నంబరుతో లాగిన్ అయ్యాను. బస్టాండు లెక్కలో అది ఒక ఫోను. దానికి వైరుతో వాళ్ల రౌటర్‌ను తగిలించాను. వైఫై పేరు, పాస్‌వర్డు పాతవే కాబట్టి, ఎవరూ ఏమీ నొక్కకుండానే అందరి ఫోన్లూ కలిశాయి.

అదే ఇబ్బంది అయింది. రెండు రోజులు నెట్ లేని ఫోన్లు ఒక్కసారిగా ఫొటోలు పంపుకోవడం, యాప్‌లు దించుకోవడం మొదలుపెట్టాయి. పైగా ఎవరి ఫోనులో వాళ్లు వీడియో తెరిచారు. కువైట్‌లో జనాజా పాడెను భుజాలకెత్తుకునే సరికి బొమ్మ నిలిచిపోయింది.

ఒక్క ఫోను ఉంచి మిగతావాటిలో వైఫై ఆపితే నడుస్తుందని చెప్పాను. మగవాళ్లు ముందు గదిలో, ఆడవాళ్లు లోపలి గదిలో ఉన్నారు. ఆ ఒక్కటి ఎక్కడుండాలన్నది తేలలేదు.

ఖాదర్ వాళ్ల అన్న మస్తాన్ సాహెబ్ ఇంటికి పెద్ద. "ఖబరస్తాన్‌కు పొయ్యేది మొగోళ్లే గదా. ఇదీ అంతే. ఫోను ఈడ ఉండనీ," అన్నాడు.

మెహరున్నీసా గడప దాకా వచ్చింది. "బావా, నువ్వు ఎంతమందికి మట్టేసినావో నీకే గుర్తులేదు. మేము మా నాయనదే చూళ్లేదు. వాణ్ని సంకనెత్తుకుని పెంచినాను. ఫోను ఇట్టియ్యి."

లోపలి నుంచి మస్తాన్ సాహెబ్ తల్లి అందుకుంది. "ఒరే మస్తానూ, నీ ఫోన్లో ఏముండాదిరా, పొద్దన్నే గుడ్ మార్నింగ్ పూలు తప్ప. ఆపు ముందు."

ఆయనే మొదట ఆపాడు. మిగతావాళ్లూ ఆపారు. కొందరికి ఎలా ఆపాలో నేను చూపించాను. ఖాదర్ తన ఫోను భార్య చేతికిచ్చాడు. బొమ్మ కదిలింది. ఆడవాళ్లు తలుపు దగ్గరగా వేసుకున్నారు.

మేము ముందు గదిలో కూర్చున్నాము. కువైట్ గొంతులు సన్నగా వినిపిస్తున్నాయి. కాసేపటికి మస్తాన్ సాహెబ్ తలుపు వైపు తిరిగి, "దించినారామ్మా?" అని అడిగాడు.

"దించినారు బావా. మట్టి ఏస్తా ఉండారు," అందామె.

ఏ ఫోను లైనును ఎంత వాడుతోందో రౌటర్ పేజీలో కనిపిస్తుంది. ఎవరికి ఎక్కువ అవసరమో కనిపించదు. ఆ తర్వాత, రిటైరయ్యే దాకా, చాలీచాలని లైనును నలుగురికి పంచాల్సి వచ్చినప్పుడు, పాస్‌వర్డు ఇచ్చే ముందే ఆ సంగతి అడిగేవాణ్ని.